సైకిలు బాటలును ప్రజాధనమును

బడి యెంత చక్కనిదైనను, దానికి పోవు త్రోవ నిర్భయముగా లేనిచో, విద్యార్థికి ఆ బడి సగమే లభించినట్లు. గోడలకు సున్నము వేయించుటకును, నల్లబల్లలు కొనుటకును, ప్రయోగశాలకు గాజుసామగ్రి తెప్పించుటకును పెద్దలు పడు శ్రమను మనమందఱము ఎఱుగుదుము. కాని బాలుడు ఇంటి గడప దాటినది మొదలు బడి గుమ్మము చేరువఱకు గల దారిని గూర్చి యాలోచించువారు తక్కువ. ఆ దారిని పోవుటకు సామాన్య కుటుంబములకు అందుబాటులో నున్న వాహనము సైకిలు. కావున సైకిలు వలని ప్రయోజన మెట్టిది, దానికి ప్రత్యేకమైన బాట యేల కావలెను, ఆ బాటకగు వ్యయమును ఎవరు భరింపవలెను అను ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింపదలచితిమి. మా యభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. ఊరి బావి, ఊరి బడి, ఊరి వంతెన యెట్లో సైకిలు బాటయు నట్లే పదిమంది సొత్తు. దానిని పదిమంది ధనముతోనే కట్టవలయును.

1. సైకిలు వలని ప్రయోజనము

మొదట క్షేత్రగణితమునకు సంబంధించిన చిన్న లెక్కను చూతము. నడచువాడు గంటకు సుమారు 5 కిలోమీటర్లు పోవును. సైకిలు నెక్కినవాడు తొందరపడకయే 15 కిలోమీటర్లు పోగలడు. బడికి పోవుటకు అరగంటకంటె నెక్కువ కాలము పట్టరాదని యనుకొందము. అప్పుడు నడచువాడు రెండున్నర కిలోమీటర్ల దూరమునుండియు, సైకిలువాడు ఏడున్నర కిలోమీటర్ల దూరమునుండియు బడికి రాగలడు. బడిని కేంద్రముగా గొని ఈ రెండు దూరములను వ్యాసార్ధములుగా రెండు వృత్తములను గీయుడు. మొదటి వృత్తపు వైశాల్యము సుమారు 20 చదరపు కిలోమీటర్లు. రెండవదాని వైశాల్యము సుమారు 177 చదరపు కిలోమీటర్లు. వ్యాసార్ధము మూడింతలైనచో వైశాల్యము తొమ్మిదింత లగునను సూత్రము మీ రెఱిగినదే. అనగా సైకిలున్నచో ఒకే యున్నత పాఠశాల తొమ్మిదింతల భూభాగమందలి పిల్లలకు ఉపయోగపడును. క్రొత్తగా నొక గదియైనను కట్టకుండ, ఒక యుపాధ్యాయుని నైనను అదనముగా నియమింపకుండ కలుగు లాభ మిది.

ఇది కాగితము మీది లెక్క మాత్రమే యని యెవరైన ననవచ్చును. అట్టివారు బీహారు రాష్ట్రమున జరిగినదానిని చూడవలయును. ఆ రాష్ట్ర ప్రభుత్వము 2006లో నొక పథకము నారంభించి, తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకై మొదట 2,000 రూపాయల చొప్పున నిచ్చెను. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితములను పరిశోధించి 2017లో ప్రకటించిరి. ఆ పథకము వలన ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతున పెరిగినదనియు, చదువు విషయమున బాలబాలికల నడుమ నున్న వ్యత్యాసము నూటికి 40 వంతున తగ్గినదనియు వారు తేల్చిరి. ఈ వృద్ధి ముఖ్యముగా ఉన్నత పాఠశాలకు మూడు కిలోమీటర్లు గాని అంతకు మించి గాని దూరమున నున్న గ్రామములయందే కానవచ్చినది. తల్లిదండ్రులకు చదువుపై నిష్టము లేక గాదు, బడి దూరమగుటచేతనే పెక్కుమంది బాలికలు చదువు మానుకొనుచుండి రని దీనివలన తెలియుచున్నది.

2. ప్రత్యేకమైన బాట యేల?

సైకిలు కొనియిచ్చిన చాలును గదా, రోడ్డు ఉండనే యున్నది గదా యని కొందఱు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదనుటకు భౌతికశాస్త్రమే సాక్ష్యము. చలించు వస్తువునందలి గతిశక్తి దాని వేగముయొక్క వర్గమును బట్టి యుండును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు కారునందుకంటె 60 కిలోమీటర్ల వేగమున పోవు అదే కారునందు గతిశక్తి నాలుగింతలుండును. కారులోనివానికి చుట్టును ఇనుప కవచము కలదు. నడుమునకు పట్టీ కలదు. సైకిలు మీది పిల్లవానికి చొక్కాయు, వీపున పుస్తకముల సంచియు దక్క వేఱు రక్షణ లేదు. గంటకు 15 కిలోమీటర్లు పోవు పది కిలోల సైకిలును, 60 కిలోమీటర్లు పోవు పది టన్నుల లారీని ఒకే దారిలో నడుపుమనుట న్యాయము కాదు.

పైగా మన పట్టణముల రోడ్లలో సైకిలువానికి మిగులునది అంచు మాత్రమే. ఆ యంచున ఇసుక పేరుకొని యుండును. మురుగుకాలువ మూత విరిగి యుండును. ఆటోలు నిలిచి యుండును. తోపుడు బండ్లు చేరి యుండును. వీనిని తప్పించుకొనుటకు సైకిలువాడు నడిరోడ్డునకు రావలసి వచ్చును. అదే క్షణమున వెనుకనుండి బస్సు వచ్చును. ఇట్టి ప్రమాదములలో తప్పు పిల్లవానిది కాదు. ఒక్కొక్కప్పుడు బస్సు నడుపువానిదియు గాదు. ఇద్దఱికిని చాలని స్థలమును ఇద్దఱికి నిచ్చి, ఎవరి పాట్లు వారు పడుడని విడిచిన యేర్పాటుదే తప్పు.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారి సంఖ్య 1,68,491 అని కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిరి. వారిలో సైకిలుపై పోవుచు మరణించినవారు సుమారు 4,800 మంది. పాదచారులు 32,000 మందికి పైగా గలరు. ఇవి వట్టి యంకెలు గావు. ఒక్కొక్క యంకె వెనుక ఒక యిల్లు కలదు.

ఈ భయముచేత తల్లిదండ్రులు చేయు పని సహజమైనదే. బిడ్డ సైకిలును వసారాలో గోడకు జేరవేసి, తామే మోటారుసైకిలుపై దింపివత్తురు. లేదా ఆటోను మాట్లాడుదురు. అందుచే బడి గంట కొట్టు వేళ గుమ్మమువద్ద మోటారుబండ్లు మఱింత పెరుగును. బండ్లు పెరిగినకొలది, ఇంకను సైకిలుపై వచ్చుచున్న పేదవాని బిడ్డకు అపాయ మధికమగును. అది చూచి మఱి యొక తండ్రి తన బిడ్డను సైకిలు మాన్పించును. ఇట్లు భయము బండ్లను, బండ్లు భయమును పెంచుచుండును. ఈ చక్రమును ఏ యొక్క కుటుంబమును తనంతట తాను ఆపలేదు. ఒక తండ్రి తన బిడ్డకు సైకిలు కొనగలడు గాని, బడివఱకు బాట కొనలేడు. ప్రజాధన మక్కఱ యగునది ఇచ్చటనే.

3. హాలండు దేశపు వృత్తాంతము

సైకిళ్ల దేశమని లోకమున పేరుగన్నది నెదర్లాండ్సు. దానినే హాలండని వాడుకగా అందుము. అచ్చటి జనులకు సైకిలు పుట్టుకతో వచ్చిన యలవాటనియు, ఆ దేశము సమతలమగుటచేత అది సాధ్యమైనదనియు సామాన్యముగా చెప్పుదురు. చరిత్ర చూచినచో సంగతి వేఱుగా నున్నది.

ఆ దేశమున యూట్రెక్టు నగరమందలి మాలీబాన్ అను వీథిలో 1885లోనే సైకిలు బాట నొకదానిని వేసిరి. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున అచ్చట సైకిళ్లు విస్తారముగా నుండెను. కాని రెండవ ప్రపంచయుద్ధానంతరము సంపద పెరిగి, కార్లు పెరిగినవి. కార్లకు చోటు చాలక యిండ్లు పడగొట్టిరి. వీథులు వెడల్పు చేసిరి. యూట్రెక్టునందే ప్రాచీనమైన కందకపు భాగము నొకదానిని మోటారు దారిగా మార్చిరి. సైకిళ్లు ఏటేట తగ్గజొచ్చినవి. భూమి సమతలముగానే యున్నది, జనులును వారే. అయినను సైకిలు వెనుకబడెను.

1971లో ఆ చిన్న దేశమున రోడ్డు ప్రమాదములచే మృతినొందినవారు 3,200 మందికి పైగా గలరు. వారిలో పిల్లలు 400 మందికి మించి యుండిరి. విక్ లాంగెన్‌హాఫ్ అను పత్రికారచయిత యొక్క కుమార్తె బడికి సైకిలుపై పోవుచు కారు తగిలి మరణించెను. ఆయన 1972లో తన పత్రికలో నొక వ్యాసమును వ్రాసి, దానికి ‘శిశుహత్య నాపుడు’ అని యర్థమిచ్చు శీర్షిక నుంచెను. ఆ పేరుతోనే తల్లిదండ్రుల సంఘ మొకటి యేర్పడెను. వారు వీథులకు అడ్డుకట్టి, ఆ వీథులలో పిల్లలను ఆడించిరి. ప్రమాదము జరిగిన చోటుల గుమిగూడిరి. సైకిళ్లపై బయలుదేరి ప్రధానమంత్రి యోప్ డెన్ ఔల్ గారి యింటి యెదుటికి పోయి పాటలు పాడి, తమ పిల్లలకు నిర్భయమైన త్రోవ లిమ్మని యడిగిరి. ప్రభుత్వమువారు ఈ సంఘమును శత్రువుగా భావింపక, దాని పనికి కొంత ధనసహాయమును జేసిరి.

ఇంతలో 1973లో చమురు కఱవు వచ్చెను. ఆ సంవత్సరము నవంబరు 4వ తేది మొదలు కొన్ని ఆదివారములు కార్లు నడుపరాదని ప్రభుత్వము శాసించెను. ఆ దినములలో పెద్దలును పిల్లలును నిర్భయముగా రాజమార్గములమీద నడచుచు, సైకిళ్లు త్రొక్కుచు తిరిగిరి. వీథి యెట్లుండవచ్చునో కన్నులార చూచినవారికి వేఱుగా బోధ చేయ నక్కఱ లేకపోయెను.

తరువాత జరిగినది మనకు ముఖ్యమైన పాఠము. ప్రభుత్వము తన ఖజానానుండి ధనమిచ్చి, 1970వ దశకపు నడుమ, ది హేగు, టిల్‌బర్గు నగరములలో మాదిరి సైకిలు బాటలను కట్టించెను. ఆ బాటలమీద సైకిళ్లు బాగుగా పెరిగినవి. కాని పరిశీలింపగా, వానిలో పెక్కు ప్రక్కవీథుల నుండి మఱలి వచ్చినవే యనియు, క్రొత్తగా సైకిలు పట్టినవారు కొలదిమందియే యనియు తేలినది. ఒక్క బాట యెంత యందముగా నున్నను, దాని చివర మరల అపాయమైన రోడ్డే యున్నచో తల్లి తన బిడ్డను పంపదు గదా! అందుచేత 1980వ దశకమున డెల్ఫ్టు నగరమందు ఊరంతయు అల్లుకొనునట్లు బాటలను, వంతెనలను, రోడ్డుక్రింది దారులను ఒకదానితో నొకటి కలిపి జాలముగా నిర్మించిరి. అప్పుడు సైకిలు ప్రయాణములే పెరిగినవి. నాటినుండి ఆ దేశపు నగరములన్నియు ఈ మార్గమునే యనుసరించినవి.

దాని ఫలమును నేడు చూడవచ్చును. ఆ దేశమున జరుగు ప్రయాణములలో నాల్గవ వంతుకు పైగా సైకిలుపైననే జరుగుచున్నవి. 1971లో 400కు మించి యుండిన పిల్లల మరణములు 2010 నాటికి 14కు దిగినవి. యూట్రెక్టు రైలు స్టేషనువద్ద 12,500 సైకిళ్లు నిలుపుటకు తగిన శాలను 2019లో పూర్తిచేసిరి. మోటారు దారిగా మార్చిన పాత కందకమున 2020లో మరల నీరు పాఱించిరి. ఇవి యన్నియు గాలి వాలు వలన గాని, నేల వాలు వలన గాని కలుగలేదు. పౌరులు అడిగిరి; పాలకులు ఏటేట ధనము కేటాయించిరి; అందువలన కలిగినవి.

4. వ్యయము ఎవరిది?

ఇక ధనము మాట. మోటారుబండ్లవారు పన్ను చెల్లించుచున్నారు, సైకిలువారు ఏమియు చెల్లించుట లేదు, కావున వారికై ప్రజాధనము నేల వెచ్చింపవలెనని కొందఱు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు మూడు సమాధానములు కలవు.

మొదటిది: ఊరిలోని వీథులను కట్టునది పురపాలక సంఘము. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పండ్రెండవ షెడ్యూలులో రోడ్లును వంతెనలును పట్టణ స్థానికసంస్థలకు అప్పగింపదగిన పనులలో చేర్పబడి యున్నవి. ఆ సంఘమునకు వచ్చు ముఖ్యమైన ఆదాయము ఇంటిపన్ను. దానిని సైకిలువాడును చెల్లించుచున్నాడు; అద్దె యింట నున్నవాడు అద్దెరూపమున చెల్లించుచున్నాడు. ఇక ఉప్పు పప్పులు మినహా బజారులో కొను పెక్కు వస్తువులమీది పన్ను ధనికుడును బీదయు సమానముగానే చెల్లించుచున్నారు. కావున సైకిలువాడు ధర్మము నడుగుట లేదు. తాను వేసిన చందాలో తన వంతు నడుగుచున్నాడు.

రెండవది: రోడ్డు అరుగుదలను గూర్చినది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున 1958 మొదలు 1960 వఱకు రోడ్లపై బండ్లను నడిపి పరీక్షలు చేసిరి. ఇరుసుమీది బరువుయొక్క నాలుగవ ఘాతమును బట్టి రోడ్డు చెడునను స్థూలసూత్రము దానినుండి యేర్పడినది. విద్యార్థులు ఈ సూత్రముతో లెక్క కట్టి చూడవచ్చును. సైకిలును దాని నెక్కినవాడును కలిసి 100 కిలోలనుకొందము. అనగా ఇరుసునకు 50 కిలోలు. 1,500 కిలోల కారునకు ఇరుసుమీది బరువు 750 కిలోలు. ఇది సైకిలునకు 15 ఇంతలు. 15 యొక్క నాలుగవ ఘాతము 50,625. పది టన్నుల బరువు మోయు లారీ యిరుసు సైకిలునకు 200 ఇంతలు. 200 యొక్క నాలుగవ ఘాతము 160 కోట్లు. సూత్రము స్థూలమైనదే యైనను భావము స్పష్టము. సైకిలు రోడ్డును అరుగదీయుట లేదు. సైకిలుకై యొకమారు కట్టిన బాట మోటారుబండ్లు ఎక్కకున్నచో చిరకాలము నిలుచును.

మూడవది: సైకిలువాడు పన్ను చెల్లించిన కాలమును కలదు. నెదర్లాండ్సునందు 1924 మొదలు 1941 వఱకు ప్రతి సైకిలునకును పన్ను వేసి, చెల్లించినట్లు చిన్న లోహపు బిళ్ల నిచ్చుచుండిరి. పన్ను చెల్లింపలేని బీదలకు ఉచితముగా నిచ్చు బిళ్లకు రంధ్రము వేసి యిచ్చుటచే, బీదవాడు బీదవాడని వీథిలో నందఱకు తెలియుచుండెను. మన ప్రాంతమునందును పురపాలక సంఘములు గత శతాబ్దమున సైకిళ్లకు పన్ను విధించి బిళ్లలు ఇచ్చుచుండినవి. బిళ్ల లేని సైకిలును పట్టుకొనుచుండినవి. ఆ సంగతి నేటి తాతలకు బాగుగ తెలియును. ఆ పన్ను వసూలైన నాళ్లలో సైకిలు బాట యెన్ని యూళ్లలో కట్టిరో పిల్లలు తమ తాతల నడిగి తెలిసికొనవచ్చును.

5. కొన్ని యాక్షేపణలు

మన దేశపు ఎండలకు సైకిలు తగదని యొక యాక్షేపణ. స్పెయిను దేశమందలి సెవిల్లె నగరమున వేసవిలో వేడి 40 డిగ్రీలను మించుట సామాన్యము. ఆ నగరపాలకులు 2006, 2007 సంవత్సరములలో ప్రజాధనముతో సుమారు 80 కిలోమీటర్ల బాటలను ఒకదానితో నొకటి కలియునట్లు కట్టించిరి. అంతకు మునుపు అచ్చటి ప్రయాణములలో సైకిలు ప్రయాణములు నూటికి ఒకటియైనను లేవు. బాటలు కట్టిన కొలది యేండ్లలో అవి సుమారు పదింతలైనవి. ఎండ మనకును కలదు, వారికిని కలదు. చెట్ల నీడ గల బాటను వేయుట ఎండకు మందు. పూర్వము మన రాజమార్గముల కిరువైపుల చింత, మఱ్ఱి, వేపచెట్లను నాటించిన పెద్దలకు ఈ సంగతి తెలియును.

సైకిలు త్రొక్కువారు కొద్దిమంది గదా, వారికై యింత వ్యయమేల యనుట రెండవ యాక్షేపణ. బావి త్రవ్వక మునుపు నీళ్లు తోడుకొనువారెందఱని లెక్కించిన నేమి తేలును? బాట లేనందుననే సైకిళ్లు తగ్గినవి గాని, సైకిళ్లు లేనందున బాట యనవసరము కాలేదు. అదియు గాక, 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున నూటికి సుమారు 45 కుటుంబములకు సైకిలు కలదు. అన్ని కుటుంబముల సొత్తును కొద్దిమంది సొత్తనుట చెల్లదు.

మన వీథులు ఇఱుకైనవి, వేఱుగ బాట వేయుటకు చోటు లేదనుట మూడవది. ఇఱుకు సందులలో వేఱు బాట యక్కఱ లేదు; బండ్ల వేగమును తగ్గించినచో చాలును. వేగముగా బండ్లు పోవు పెద్ద రోడ్లలోనే బాట కావలెను. అట్టి రోడ్లలో చోటు కలదు. ఒక కారు నిలుపు స్థలమున పది సైకిళ్లు నిలుపవచ్చును. చోటు లేకపోవుట కంటె, ఉన్న చోటును పంచుటలోని పక్షపాతమే యెక్కువ.

6. మంచి బాటకు లక్షణములు

బాట యన్నచో రోడ్డు అంచున తెల్లరంగు గీత గీయుట యని కొందఱధికారులు భావింతురు. రంగు గీత ఆటోను ఆపదు. మంచి బాట రోడ్డునకు కొంచె మెత్తుగ గాని, నడుమ గట్టు కట్టి గాని యుండవలెను. ఇద్దఱు పిల్లలు ప్రక్కప్రక్కన పోవునంత వెడల్పు కావలెను. మురుగు మూతలు, విద్యుత్ స్తంభములు నడుమ రాకూడదు. రాత్రి వెలుతురుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా నాలుగు రోడ్ల కూడలివద్ద బాట మాయము గాకూడదు. ప్రమాదములు తఱచు జరుగునది అచ్చటనే. ఈ విద్య మనకు తెలియనిది గాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు సైకిలు బాటల నిర్మాణ నియమములను 1962లోనే ప్రచురించి, 2015లో సవరించిరి. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమును, రోడ్డు స్థలమును బండ్లను బట్టి గాక మనుష్యులను బట్టి పంచవలెనని చెప్పుచున్నది. నియమములు కలవు, విధానము కలదు. బడ్జెటులో పద్దు మాత్రము కావలసి యున్నది.

హైదరాబాదునందు బాహ్యవలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల సైకిలు బాటను కట్టి 2023 అక్టోబరులో తెఱచిరి. నాలుగున్నర మీటర్ల వెడల్పున, పైన సూర్యఫలకముల కప్పుతో నున్న ఆ బాట నీడను, విద్యుత్తును ఒక్కమారే యిచ్చుచున్నది. ప్రజాధనముతో ఎండకు నివారణోపాయము చేయవచ్చునని అది చూపినది, అందులకు సంతోషింపవలసినదే. అయినను అది నగరపు అంచున, వ్యాయామమునకు పోవువారికి అనువుగ నున్నది. ఊరి నడుమ వీథిలోని బాలిక తన యింటినుండి తన బడికి పోవుటకు అట్టి బాట యింకను రావలసి యున్నది. డెల్ఫ్టు నేర్పిన పాఠమును ఇచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. ఒక్క గొప్ప బాటకంటె, ఇల్లును బడిని బజారును ఆసుపత్రిని కలుపు సామాన్యమైన బాటల జాలము మేలు.

7. విద్యార్థులు చేయదగిన పని

ఈ వ్యాసమును చదివి ముగించినంత మాత్రమున ఫలము లేదు. పై తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుల యనుమతితో ఈ క్రింది పని చేయవచ్చునని మా సూచన.

బడి గుమ్మమువద్ద, రోడ్డునకు ఎడముగ సురక్షితమైన చోట నిలిచి, ఉదయము బడి వేళకు ముందు ఒక గంటసేపు లెక్క తీయుడు. నడచి వచ్చినవా రెందఱు, సైకిలుపై వచ్చినవా రెందఱు, మోటారుబండ్లపై దింపబడినవా రెందఱు అని మూడు వరుసలుగ వ్రాయుడు. ఇట్లు వారము దినములు చేయుడు. తరువాత ప్రతి తరగతిలోను, ఇంట సైకిలుండియు దానిపై రానివారెందఱో, రాకుండుటకు కారణమేమో యడిగి వ్రాయుడు. బడికి వచ్చు దారుల పటమును గీసి, భయము గొలుపు చోటులను ఎఱ్ఱ చుక్కలతో గుర్తింపుడు. ఈ పనిలో గణితము, భూగోళము, పౌరశాస్త్రము మూడును కలిసి యున్నవి.

ఆ పటమును, ఆ లెక్కలను చేర్చి, తల్లిదండ్రుల సంతకములతో పురపాలక సంఘమునకు అర్జీ వ్రాయవలెను. పురపాలక సంఘపు బడ్జెటు సంవత్సరము ఏప్రిలుతో నారంభమగును. కావున అర్జీ అంతకు కొన్ని నెలల ముందుగనే చేరవలయును. అర్జీలో కోరిక స్పష్టముగా నుండవలెను. సైకిలువారికి మేలు చేయుడని వ్రాసినచో అధికారి చదివి ప్రక్కన పెట్టును. ఫలాని కూడలినుండి ఫలాని బడివఱకు, ఇన్ని మీటర్ల పొడవున, ఇంత వెడల్పున, గట్టుతో గూడిన బాటకై ఈ యేటి బడ్జెటులో పద్దు చేర్పుడని వ్రాసినచో, ఆయన చేర్చితిననియైనను చేర్పలేదనియైనను జవాబు చెప్పవలసి వచ్చును.

ఒక సంవత్సరమున సాధ్యము కాకపోయినచో, మఱుసటి సంవత్సరము క్రింది తరగతివారు అదే లెక్కను మరల తీసి, అదే యర్జీని మరల వ్రాయవచ్చును. హాలండునందును తల్లిదండ్రులు ఒక్కనాటిలో సాధింపలేదు. తొలి వ్యాసమునకును డెల్ఫ్టు నగరపు బాటలకును నడుమ పదేండ్లకు పైగా గడచినవి. ఆ పదేండ్లలో బడికి పోవు పిల్లలు మాఱుచు వచ్చిరి గాని, అడుగువారు అడుగుట మానలేదు.